నాలుగో పసుపు

గది పడగొట్టేశారు.
పదమూడేళ్ళయింది. తెముకో పెద్దాసుపత్రిలో,
వాన కిటికీల మీద అడ్డంపడి కొడుతున్న జూలై నెల.
ఇరవైమూడు రాళ్ళు సీసాలో పోసి
చిల్లర లెక్కచెప్పినట్టు చేతికిచ్చారు.

ఇక రావు, అన్నారు.
గదే లేనప్పుడు ఎవరొస్తారు, ఎక్కడుంటారు?
నమ్మాను.
ఇంటికొచ్చి సీసాని ఊలు కండెల వెనక దాచి
నెల తిరక్కుండానే నూనెలో పొంగిన సోపాయిపిల్లాలు
ఆరు తిన్నాను, వేళ్ళు నాక్కుంటూ.

వాళ్ళు నడవలో కాపురం పెట్టారు.
కాలేయం నుంచి పేగుకి పోయే సన్నటి నడవ,
చీమల బారు కూడా ఒత్తిగిలి నడవాల్సిన చోటు.

నొప్పికి పాత దారి గుర్తుంది.
కుడి డొక్కలో మొదలై వీపెక్కి
భుజం రెక్క కింద మేకు దిగ్గొట్టి
దానికి తన కోటు తగిలించుకుంటుంది.
ఇక తెల్లారేదాకా కదలదు.

"కోసి పారేసినదానికి నొప్పేమిటి వదినా?"
అంటుంది మా ఆడపడుచు ఒటీలియా,
బోల్డో ఆకు కాచి గ్లాసు నోటికందిస్తూ.
చేదుని చేదే తరుముతుందట.
తాగుతాను. ఆమె ఉన్నంతసేపూ తగ్గినట్టే ఉంటాను.

కరావే క్లినిక్‌లో కుర్ర డాక్టరు
కాగితం చూశాడు, నన్ను చూడలేదు.
"మీకు పిత్తాశయం లేదుగా సెన్యోరా, గ్యాస్ అయ్యుంటుంది."
నాలుగో రోజు
పళ్ళు టకటకలాడే చలిజ్వరంతో అంబులెన్స్ ఎక్కాను.
అది రెండోసారి.

నాది రంగుల పని.
మిచాయ్ ముళ్ళపొద వేరు తవ్వి, దంచి, కాచి
గొర్రె ఊలుకి పసుపు ఎక్కిస్తాను.
మొదటి ఉడుకుకి ఎండుగడ్డి,
రెండో ఉడుకుకి కోడిపిల్ల,
మూడో ఉడుకుకి గుడ్డు సొన.
నాలుగోది ఎవరూ కొనరు.
లోపల్లోపల పచ్చగా తిరిగి, ఏదో పాడైనట్టుంటుంది.

మొన్న మార్చిలో ఒంటేలుకి వెళ్తే టీ డికాషన్.
అరిచేతులు ఒకటే దురద.
అద్దం ముందు కంటి పక్కన కండెలు పట్టుకున్నాను,
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది పెట్టగానే
కన్నుకీ ఊలుకీ మధ్య గీత చెరిగిపోయింది.

ఇంపెరియాల్ నది పక్కనే బస్సు పోయినంతసేపూ
ఆ కండె నా ఒళ్ళో పిల్లిలా పడుకుంది.

"ఎర్సీలియా కురియాన్కో!"
లోపల కొత్త డాక్టరమ్మ.
నొప్పి గురించి ఒక్క మాట చెప్పలేదు నేను.
కండె తీసి కంటి పక్కన పెట్టాను.
ఆమె పెన్ను కింద పెట్టి
కిటికీ దగ్గరికి రమ్మంది.
లైటు కింద పసుపు అబద్ధం చెబుతుందని
ఆమెకీ తెలుసు.

గొంతులోంచి గొట్టం దించి, నడవ ఊడ్చారు.
లేచాక సీసా అడిగాను.
"ఇవ్వడానికేం లేదు. తడిసిన ఇటుకలా నలిగిపోయాయి,
పేగులోకి తోసేశాం."
మళ్ళీ వస్తాయా?
రావు, అనలేదు ఆమె.
అక్కడే నమ్మకం కుదిరింది.

ఒక నోటు పుస్తకం ఇచ్చింది.
నొప్పొస్తే రాయి. తేదీ, గంట, ఏం తిన్నావో, రాయి.
జ్వరమొస్తే మాత్రం రాస్తూ కూర్చోకు, వచ్చెయ్.
తొలి పేజీలో రాయి అని ఒక్కమాటే రాసి
చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

తలుపు వెనక సంచి ఎప్పుడూ సిద్ధం.
మేజోళ్ళు, దువ్వెన, పుస్తకం, కండె.
సంతలో శాంతియాగో నుంచి వచ్చినామె
ఆ రంగే కావాలంది, ఎంతైనా ఇస్తానంది.
అది అమ్మేది కాదన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు ఒటీలియా వస్తే
పలకరింపు లేదు, చెప్పులు విప్పడం లేదు,
గడ్డం పట్టుకుని నా మొహాన్ని కిటికీ వైపు తిప్పుతుంది.
"ఇంకా తెలుపే," అంటుంది, కాస్త నిరాశగా కూడా,
పొయ్యి మీద బోల్డో పెడుతూ.